కాలు క్రింద పెట్టి చూడండి



క్రిందటి నెల మా యౌవనస్థుల కూటములో ఒక తమ్ముడు లేచి ఇట్లా అడిగాడు. “అయ్యగారూ, మన ఊరి తొవ్వ హైవేల కలిసే కాడ ఎర్ర బోర్డు పెట్టిండ్రు గదా. బైకులు, కార్లు ఆగాలె అంటె సరే. సైకిలు మీద పోయెటోడు గూడ పూర్తిగ ఆగాల్నా? మెల్లగ చేసి, అటు ఇటు చూసుకుంట పోతె సరిపోదా?”

అందరూ నవ్వారు. మా సంఘ పెద్ద ఒకరు, “కారోడే ఆగడు, ఇగ సైకిలోడు ఆగుతడా?” అన్నారు. మళ్ళీ నవ్వులు. మేము మాత్రము నవ్వలేకపోయాము. ఎందుకు నవ్వలేకపోయామో ముందు చెప్పుకొని, తరువాత ఆ తమ్ముని ప్రశ్నకు జవాబు వ్రాస్తాము.

రెండేండ్ల క్రిందట ఒక సాయంత్రము జనగామ దగ్గరి ఒక పల్లెలో కుటుంబ ప్రార్థన పెట్టుకున్నారు. దగ్గరి పల్లెలకు మేము సైకిలు మీదనే వెళ్తాము. పెట్రోలు ఖర్చు మిగులుతుంది, ఒంటికి కూడా మంచిది. ఆ రోజు మా వెంట సండేస్కూలు పిల్లవాడు ఒకడు, పదకొండేండ్లవాడు, తన సైకిలు మీద వస్తున్నాడు. పాటల పుస్తకాల సంచి వాని క్యారియరు మీదనే ఉన్నది. మా త్రోవ హైవే దగ్గరికి వచ్చేసరికి కొంచెము పల్లముగా ఉంటుంది. సైకిలు మంచి ఊపు మీద ఉన్నది. ప్రార్థనకు ఆలస్యమైంది. కుడివైపు చూశాము, ఒక కారు దూరముగా కనిపించింది. దాటవచ్చు అనుకున్నాము. బ్రేకు పట్టలేదు, కాలు క్రింద పెట్టలేదు, దాటిపోయాము.

మేము క్షేమముగానే దాటాము. కాని పిల్లవాడు మా వెనుక కొంత దూరములో ఉన్నాడు. వాడు కుడివైపు చూడలేదు, ఎడమవైపు చూడలేదు. మమ్మల్ని చూశాడు. అయ్యగారు ఆగలేదు గనుక త్రోవ ఖాళీగా ఉన్నదని అనుకున్నాడు. మాకు దూరముగా కనిపించిన కారు వానికి దగ్గరైంది. ఆ కారు నడిపే అతను గట్టిగా బ్రేకు వేసి ప్రక్కకు తిప్పబట్టి వాని ప్రాణము దక్కింది. వెనుక చక్రానికి తగిలి పిల్లవాడు పడిపోయాడు. కుడి కాలు విరిగింది. ఆ కారు అతనే వాణ్ణి ఎత్తుకొని ఆసుపత్రికి తీసుకొనిపోయాడు.

రెండు నెలలు కట్టుతో మంచము మీద ఉన్నాడు. మేము చూడబోయిన మొదటి రోజు వాని తల్లి మాకు కుర్చీ వేసి, చాయ ఇచ్చి, చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నది. చివరికి, “మిమ్ములనేం అంటలేను అయ్యగారూ. కని మీరు కాలు కింద పెడితె వాడు గూడ పెడుతుండె” అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. ఈ నాటికీ లేదు.

ఇప్పుడు తమ్ముని ప్రశ్న చూద్దాము. అది నవ్వి త్రోసివేయవలసిన ప్రశ్న కాదు. అందులో న్యాయము ఉన్నది. సైకిలుకు ఇంజను లేదు, తొక్కేవాని కాళ్ళే దానికి ఇంజను. రెండు పాల క్యాన్లు కట్టుకొని తెల్లవారుజామున బయలుదేరిన మనిషి ఒకసారి పూర్తిగా ఆగితే, మళ్ళీ ఆ బరువును కదిలించడానికి లేచి నిలబడి తొక్కాలి. ఆగినచోట నుంచి కదిలేటప్పుడే సైకిలు ఎక్కువగా ఊగుతుంది కూడా. అంతేకాదు, సైకిలు మీద ఉన్నవానికి చుట్టూ అద్దాలు లేవు, ఇంజను చప్పుడు లేదు. కారులో కూర్చున్నవానికన్నా వాడు బాగా చూడగలడు, బాగా వినగలడు.

ఈ వాదన విని చట్టాన్నే మార్చిన దేశము ఉన్నది. అమెరికాలో ఐడహో అనే రాష్ట్రము 1982లో, సైకిలువారు స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగనక్కరలేదు, వేగము తగ్గించి, వచ్చే బండికి త్రోవ ఇచ్చి, ఎవరూ లేకపోతే సాగిపోవచ్చునని చట్టము చేసింది. చాలా ఏండ్ల తరువాత, 2017లో డెలవేర్ రాష్ట్రము, ఆ పిమ్మట ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలు అదే త్రోవ పట్టాయి. అయితే డెలవేర్ వారు ఒక షరతు పెట్టారు. ఎదుట ఉన్న రోడ్డు రెండు వరుసలదైతేనే ఈ సడలింపు. అంతకన్నా వెడల్పైన రోడ్డు అడ్డము వస్తే సైకిలువాడు కూడా పూర్తిగా ఆగవలసిందే. ఈ షరతును పాఠకులు జ్ఞాపకముంచుకోవలెను.

మన దేశములో చట్టము ఏమంటున్నది? 1988 మోటారు వాహనాల చట్టము 119వ సెక్షను, రోడ్డు గుర్తులకు లోబడి నడపవలెనని మోటారు వాహనము నడిపేవానికి చెప్తున్నది. సైకిలు మోటారు వాహనము కాదు. దానికి లైసెన్సూ లేదు, నంబరూ లేదు. కనుక పోలీసు పట్టుకుంటాడనే భయముతో ఆగే సైకిలువాడు మన పల్లెల్లో ఉండడు. ఇందులో అన్యాయము లేదు. ఎవని బండి వల్ల ఎదుటివాని ప్రాణము పోగలదో, వానికే చట్టము ముందుగా ఆజ్ఞ ఇచ్చింది.

కాని రైలు పట్టాల దగ్గర చట్టము వేరుగా మాట్లాడింది. 1989 రైల్వే చట్టము 161వ సెక్షను, కాపలా లేని గేటు దగ్గర బండిని ఆపి, రైలు వస్తున్నదేమో చూడకుండా దాటడమే అజాగ్రత్త అని చెప్పి, దానికి ఏడాది వరకు జైలుశిక్ష పెట్టింది. అక్కడ మోటారు బండి అని వ్రాయలేదు, బండి అని వ్రాసింది. మెల్లగా పోతూ చూస్తే చాలు అనలేదు, ఆపి చూడుమన్నది. 2014 జూలై 24న ఉమ్మడి మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో బడి బస్సును రైలు ఢీకొట్టి పదిమందికి పైగా పిల్లలు చనిపోయిన సంగతి మనము మరువలేదు. 2019 జనవరి నాటికి దేశములోని బ్రాడ్‌గేజి లైన్ల మీద కాపలా లేని గేట్లను తీసివేశారు. అయినా కాజీపేట నుంచి సికింద్రాబాదు పోయే లైను మీద ఉన్న మన జనగామవారు, విజయవాడ పోయే లైను మీద ఉన్న మహబూబాబాదువారు వేసిన గేటు క్రింద నుంచి సైకిలును వంచి దూర్చడము నేర్చుకొనే ఉన్నారు. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో వచ్చే రైలు ఒక్క సెకనులో 27 మీటర్లకు పైగా వస్తుంది. ఒక గూడ్సు పోయిందని తలయెత్తితే, రెండవ పట్టా మీద ఇంకొకటి రావచ్చు.

ఇక మన రోడ్ల సంగతి. మా చిన్నతనములో జనగామ సడకు మీద ఎద్దుబండ్లు, అప్పుడప్పుడు ఒక ఎర్ర బస్సు కనిపించేవి. ఇప్పుడు హైదరాబాదు నుంచి జనగామ మీదుగా వరంగల్లుకు పోయే 163వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలది. భూపాలపల్లి వైపు 353సి రహదారి మీద సింగరేణి బొగ్గు లారీలు పగలూ రాత్రీ నడుస్తాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చే లారీ ఒక సెకనులో 16 మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. సైకిలు ఒకవైపు సడకు దాటడానికి అయిదు సెకన్లు పట్టిందనుకోండి. ఆ లోపల లారీ 80 మీటర్లు దాటి వచ్చేస్తుంది. బొగ్గు నింపిన లారీ, డ్రైవరు ఎంత మంచివాడైనా, అనుకున్నచోట ఆగదు. దూరము, వేగము రెండూ కలిపి లెక్క కట్టడానికి మన కంటికి కొంత సమయము కావాలి. కదిలే సైకిలు మీద ఆ సమయము దొరకదు. ఆ సాయంత్రము మా కన్ను చేసిన పొరపాటు అదే. కారు దూరముగా ఉన్నదని చూశాము గాని, ఎంత త్వరగా వస్తున్నదో చూడలేదు.

కాబట్టి మేము ఇచ్చే జవాబు ఇది. ఊరి లోపల, రెండు చిన్న త్రోవలు కలిసే చోట, బ్రేకు మీద చెయ్యి పెట్టి, మెల్లగా చేసి, మనిషికీ బండికీ త్రోవ ఇచ్చి సాగిపోవడములో తప్పు లేదు. ఎవరూ లేని సందులో ప్రతి మలుపు దగ్గరా దిగి నిలబడుమని పాలు పోసే ముసలాయనకు మేము చెప్పము. కాని హైవే దగ్గర, బొగ్గు లారీల త్రోవ దగ్గర, రైలు గేటు దగ్గర మాత్రము పూర్తిగా ఆగవలెను. పూర్తిగా ఆగడమంటే చక్రము నిలిచి, కాలు నేల మీద ఉండడము. బోర్డు ఉన్నా అంతే, దాన్ని ఫ్లెక్సీ కప్పివేసినా అంతే.

“చట్టము మమ్మల్ని అడగనప్పుడు మీరెందుకు అడుగుతున్నారు?” అని ఆ తమ్ముడు అనవచ్చు. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టుకొనేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టించవలెనని ఒక ఆజ్ఞ ఉన్నది. ఇంటి యజమానికి తన మిద్దె అంచు ఎక్కడున్నదో చీకటిలోనైనా తెలుస్తుంది. ఆ గోడ ముఖ్యముగా వాని కొరకు కాదు, అంచు తెలియక ఆ మిద్దె ఎక్కే మరొకని కొరకు. సైకిలు ఆపి కాలు క్రింద పెట్టడము కూడా అటువంటి గోడే. నలభై ఏండ్లు దాటిన మాకు చూపు ఉన్నది, అనుభవము ఉన్నది, ఒకవేళ ఆగకపోయినా దాటగలమేమో. మా వెనుక వచ్చే పిల్లవానికి ఆ అనుభవము లేదు. వానికి మేమే బోర్డు.

పెద్ద బండ్లు నడిపే సహోదరులకు కూడా ఒక మాట. మా సంఘ పెద్దగారు నవ్వుతూ అన్న మాటలో బాధ ఉన్నది. కార్లు ఆగని చోట సైకిలువాణ్ణి మాత్రమే ఆగుమనడము బీదవాని మీద ఇంకొక బరువు పెట్టడమే. మనలో ఎంతోమంది ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు నడుపుతున్నారు. ఎర్ర బోర్డు దగ్గర చట్టము ముందుగా మీ పేరు పెట్టి పిలిచింది. సైకిలు మీద పిల్లవాడు కనిపిస్తే హారను కొట్టడముకన్నా ముందు కాలు బ్రేకు మీదికి పోనివ్వండి. ఆ సాయంత్రము ఒక తెలియని మనిషి అట్లా చేసినందువల్లనే ఒక తల్లికి కొడుకు మిగిలాడు.

ఇండ్లలో తల్లిదండ్రులు ఈ వారమే చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. పిల్లల సైకిలు బ్రేకు రబ్బర్లు అరిగిపోయాయేమో చూడండి. బ్రేకు పట్టని సైకిలు మీద ఆగాలనుకున్నా ఆగలేరు. వెనుక మడ్గార్డుకు ఎర్ర బిళ్ళ లేకపోతే పెట్టించండి. హైవే దగ్గర చిన్నపిల్లలు సైకిలు దిగి, నడిపించుకుంటూ దాటవలెనని చెప్పండి. ముందు కుడివైపు, మధ్య గట్టు దగ్గర ఆగి ఎడమవైపు, అడ్డదారిన ఎదురుగా వచ్చే బైకులు కూడా ఉంటాయి గనుక రెండువైపులా చూడవలెను. ముందున్నవాడు దాటాడని దాటకూడదు, ఎవని కన్ను వాడే తెరచి చూసుకోవలెను. అన్నిటికన్నా ముఖ్యముగా, వాళ్ళ ఎదుట మీరు ఆగండి.

మన సంఘాలకు సైకిలు క్రొత్తది కాదు. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్‌కు 1912లో బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారు ఎద్దుబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగినవారే. సైకిలును చిన్నచూపు చూడమని గాని, మానుమని గాని మేము చెప్పడము లేదు. ఇంకా ఎక్కువమంది తొక్కాలని మా కోరిక.

ఆ పిల్లవాడు ఇప్పుడు మళ్ళీ సైకిలు తొక్కుతున్నాడు, బడికి పోతున్నాడు. క్రిందటి ఆదివారము ఆరాధన తరువాత ఇద్దరము కలిసి అదే త్రోవన అదే పల్లెకు వెళ్ళాము. పల్లము దిగాము. మేము బ్రేకు పట్టేలోపలే వాడు ఆగి కాలు క్రింద పెట్టాడు. మేమూ ఆగాము. కుడివైపు ఒక లారీ పోయింది. మేము కదలబోతుంటే, “ఆగుండ్రి అయ్యగారూ, ఇంకోటొస్తుంది” అన్నాడు. ఆగి నిలబడ్డాము. అది కూడా పోయిన తరువాత దాటాము.

ప్రార్థన కొంచెము ఆలస్యముగా మొదలైంది. ఎవరూ ఏమీ అనలేదు.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.