తొలి పరీక్షకు సన్నాహము

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో నలువది యేండ్లైనను నిండని యిల్లాలు ‘సంచి తీసీసినారు’ అని చెప్పినచో ఆశ్చర్యపడువారు అరుదు. కాని ఆ గర్భసంచి ముఖద్వారమున కాన్సరు పుట్టకముందే దాని పూర్వచ్ఛాయను కనిపెట్టు పరీక్ష యొకటి గలదనియు, అది కొలది నిమిషములలో ముగియుననియు, ప్రభుత్వ వైద్యశాలలో పైకము చెల్లింపకయే జరుగుననియు చెప్పినచో అనేకులు వింతగా చూతురు. గర్భాశయమును తొలగింపజేసికొన్న స్త్రీల పాలు దేశమున ఆంధ్రప్రదేశముననే అధికమని జాతీయ కుటుంబారోగ్య సర్వే తేల్చినది. 2015-16లో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గలవారిలో నూటికి దాదాపు 9 మంది. 2019-21 నాటి సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల భారతస్త్రీలలో ఈ ముఖద్వార పరీక్షను ఒక్కమారైనను చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను లేరు.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన ఉంచి చూచినప్పుడు నా మనస్సు కలతపడుచున్నది. తెల్లబట్ట యనియు, నడుమునొప్పి యనియు వైద్యుని కడకు పోయి, ‘ఉంచితే కాన్సరవుతాది’ అను మాటకు బెదరి, పుస్తెలు కుదువబెట్టి శస్త్రచికిత్సకు ఒడంబడినవారు మన యూళ్లలో ఎందరో గలరు. అవసరమై చేసిన శస్త్రచికిత్సను నేను నిందింపను. భయమునకు బదులు నిజమును తెలిసికొనుటకు సాధనమున్నప్పుడు, ఆ సాధనమును చేరకయే స్త్రీ అవయవమును కోల్పోవుట అన్యాయమని మాత్రము గట్టిగా పలుకుచున్నాను.

ఈ ముఖద్వార కాన్సరునకు మూలము హెచ్.పి.వి. అను వైరసు. జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ సూర్ హౌజెన్ ఈ సంబంధమును నిరూపించినందులకే 2008లో నోబెల్ బహుమానమును పొందెను. దాంపత్యజీవనము గల స్త్రీలలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకును, పెక్కుమందికి తనంతట తానే తొలగిపోవును. కొందరిలో మాత్రము ఏండ్ల తరబడి నిలిచి, పది పదునైదు సంవత్సరములకో అంతకు మించియో కాన్సరుగా పరిణమించును. కావున పరీక్షకు పోయినంతనే శీలమును శంకించువారు, అత్తలైనను మగలైనను, అజ్ఞానమున పాపము మూటగట్టుకొనుచున్నారు. 2022లో మన దేశమున సుమారు 1,27,000 మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడెననియు, దాదాపు 80,000 మంది మరణించిరనియు అంతర్జాతీయ గణనము.

ఆశా కార్యకర్త గుమ్మమున నిలిచి పరీక్షా శిబిరమునకు పిలిచినప్పుడు వినవచ్చు సమాధానము ఒక్కటే: ‘నాకేటీ బాద నేదు కదమ్మా, నానెందుకు రావాల?’ బాధ లేనివారి కొరకే ఈ పరీక్ష ఏర్పడినది. బాధ గలవారు, అనగా కలయిక తరువాత నెత్తురు కనబడువారు, ముట్లుడిగిన పిమ్మట మరల నెత్తురు చూచువారు, దుర్వాసనతో స్రావమగువారు, శిబిరము వచ్చువరకు వేచియుండక తిన్నగా వైద్యురాలి కడకు పోవలెను. తక్కినవారిలో 30 మొదలు 65 ఏండ్లవారు అయిదేండ్ల కొకమారు చేయించుకొనవలెనని 2016 నాటి కేంద్రప్రభుత్వ నిర్దేశము.

సన్నాహము స్వల్పము. ముట్టు రోజులు కాని దినమును ఎన్నుకొనవలెను. ముందు రెండు దినములు కలయికను, యోనిలో నుంచు మందులను, లోపల కడుగుకొనుటను మానవలెను. పస్తుండ పనిలేదు, చద్దన్నము తినియే పోవచ్చును. లోనికి పోవుటకు ముందు మూత్రవిసర్జన చేసిన చాలును. కడపటి ముట్టు తేదీని, కాన్పుల వివరమును జ్ఞప్తియందుంచుకొని, మునుపు శస్త్రచికిత్స జరిగియున్నచో ఆ కాగితములను వెంట దీసికొని, గర్భముతో నున్నచో ఆ మాట ముందుగనే చెప్పవలెను. తోడుగా వదినయో తోడికోడలో ఉన్నచో సగము బెదురు తీరును.

గదిలో జరుగునది యిది. చీర విప్పనక్కరలేదు, పైకి తీసిన చాలును. బల్లపై వెల్లకిల పరుండి మోకాళ్లు మడిచినప్పుడు, నర్సమ్మ బాతుముక్కు వంటి పరికరముతో దారి తెరచి, దీపపు వెలుగున ముఖద్వారమును చూచి, పలుచని ఎసిటిక్ ఆమ్లమును దూదితో అద్ది, ఒక నిమిషము ఆగును. చెడుదారి పట్టిన కణములున్న చోట తెల్లని మచ్చ తేలును. కొంచెము మంట, కొంచెము ఒత్తిడి యుండవచ్చును; ఓర్వలేనిచో ‘ఆపండమ్మా’ అనుటకు పరీక్షకు వచ్చిన స్త్రీకి సంపూర్ణమైన హక్కు గలదు. ముట్లుడిగినవారికి ఈ పద్ధతి అంతగా పనికిరాదు, మార్పు వచ్చు భాగము లోనికి జరిగిపోవును గనుక. వారికి ముఖద్వార కణములను సేకరించి చూచు పాప్ పరీక్షయో, వైరసును వెదకు హెచ్.పి.వి. పరీక్షయో అవసరము.

మచ్చ తేలినంత మాత్రమున అది కాన్సరు కాదు. గర్భసంచి తీయవలెననుటకు అది ఆధారమును కాదు. పెక్కు సందర్భములలో ఆ భాగమును మాత్రము వేడిచేతనో చలిచేతనో నశింపజేసి ఇంటికి పంపవచ్చును. అనుమానము మిగిలినచో చిన్న ముక్క తీసి పరీక్షింతురు; దానినే బయాప్సీ యందురు. ఎవరైనను సంచి తీయింపుమని తొందరపెట్టినచో, ‘బయాప్సీ కాగితమేదండి?’ అని అడుగవలెను. ఈ ఒక్క ప్రశ్నను కంఠస్థము చేసికొనుటయే తొలి పరీక్షకు పోవు స్త్రీ సన్నాహములలోకెల్ల ముఖ్యమైనదని నా యభిప్రాయము. రెండవ సలహా కొరకు విజయనగరమున ఘోషాసుపత్రి, శ్రీకాకుళమున సర్వజన ఆసుపత్రి గలవు. విశాఖ చెంత అగనంపూడిలో హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి గలదు.

స్త్రీ సన్నాహము ఇంతే. వైద్యశాల సన్నాహము అంతకంటె పెద్దది. టాటా స్మారక ఆసుపత్రివారు ముంబయి మురికివాడలలో, పదవ తరగతి చదివిన స్త్రీలకు కొలది వారముల శిక్షణ నిచ్చి ఈ ఆమ్లపరీక్షనే చేయింపగా మరణములు నూటికి 31 వంతులు తగ్గెనని 2014లో ప్రకటించిరి. కావున మన గ్రామ వైద్యశాలలకు కావలసినది మహాయంత్రము గాదు. గడియ పడు తలుపు, కిటికీకి తెర, మంచి దీపము, లోపల స్త్రీయే ఉండుననెడి హామీ. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వచ్చి ప్రశ్నలడిగి ఫోనులో గుర్తు పెట్టినంతనే పరీక్ష జరిగినట్లు లెక్కవేసికొనరాదు.

ఈ సంగతులను మన ప్రజలు నేర్వలేనివారు కారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానమున అక్షరము రాని ముదుసలి సయితము తన క్రియాటినిన్ అంకెను నోటిమీద చెప్పును. మూత్రపిండముల వ్యాధి ఆ పాఠమును క్రూరముగా నేర్పినది. ఆ ఉద్దానముననే, పలాస జీడిపిక్కల కార్ఖానాలలో, జీడి రసమునకు వ్రేళ్లు నల్లబడిన స్త్రీలు వందలకొలది గలరు. వారికి ఒక పూట సెలవనగా ఆ పూట కూలి పోవుటయే. కార్ఖానా యజమానులు ఆ పూట కూలిని కోయక యిచ్చి, జిల్లా వైద్యాధికారులు ఆ పూటనే ఆ పేటలకు నర్సులను పంపి, ఫలితమును ప్రతి స్త్రీకిని తెలుగున వ్రాసిన కాగితముగా చేతికిచ్చు ఏర్పాటు వెంటనే మొదలు కావలెను.