వాగ్దానం చేతిలో ఉన్నా వెండి తూచి ఇచ్చాడు

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉన్నప్పుడు చదవండి.

మా హాస్టల్ రూంలో ఆరుగురం ఉంటాం. ముగ్గురు చర్చికి వెళ్తారు, ఇద్దరు ఊళ్ళో భూమి పండగ తప్పరు, ఒకడు దేన్నీ నమ్మడు గానీ కోడికూర ఉన్న ప్రతి పండక్కీ వస్తాడు. ఒకరోజు రాత్రి కరెంటు పోయి ఆరుబయట కూర్చున్నప్పుడు మాట మీద మాట పెరిగింది. ఒకడన్నాడు, "దేవుడు అబ్రాహాముకు కనాను దేశం రాసిచ్చేశాడు, ఇక అక్కడ ఎవరున్నా ఖాళీ చెయ్యాల్సిందే" అని. ఇంకొకడు మెల్లగా అడిగాడు, "మరి అప్పటికే అక్కడ ఉన్నోళ్ళ సంగతేంటి?" ఎవరూ మాట్లాడలేదు. మేమందరం ఎవరి బిడ్డలమో మాకు తెలుసు కదా.

మా ఇళ్ళలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఎవరో చెప్పింది విని తల ఊపడం కాకుండా పుస్తకం తెరిచి చూద్దాం అనుకున్నాం. ఆదికాండం 12 నుంచి 25 దాకా నాలుగు రాత్రులు కలిసి చదివాం. చదివాక మాకు అనిపించింది ఇది.

మొదట ఆ మాట గురించి. తెలుగు బైబిల్లో దాన్ని 'నిబంధన' అన్నారు. మా హాస్టల్ గోడ మీద కూడా 'నిబంధనలు' అని బోర్డు ఉంది: తొమ్మిదికి గేటు మూస్తారు, హీటర్ వాడకూడదు. అందుకే చిన్నప్పటి నుంచి పాత నిబంధన అంటే దేవుడి పాత రూల్స్ అనుకునేవాళ్ళం. హెబ్రీలో ఆ మాట 'బెరీత్'. రెండు పక్షాల మధ్య కట్టుబాటు, ఒడంబడిక అని అర్థం. ఇంకో సంగతి, హెబ్రీలో ఒడంబడికను 'చేసుకోవడం' అనరు, 'కోయడం' అంటారు. ఎందుకో 15వ అధ్యాయం చదివితే తెలుస్తుంది.

అబ్రాము (అప్పటికింకా పేరు మారలేదు) దేవుణ్ణి సూటిగా అడుగుతాడు, ఈ దేశం నాదవుతుందని నాకెలా తెలుస్తుంది అని. దేవుడు మూడేళ్ళ పెయ్యను, మూడేళ్ళ మేకను, మూడేళ్ళ పొట్టేలును, ఒక గువ్వను, ఒక పావురం పిల్లను తెమ్మంటాడు. అబ్రాము పశువులను నడిమికి చీల్చి ముక్కలను ఎదురెదురుగా పెడతాడు. పక్షులను మాత్రం చీల్చడు. గద్దలు వాలితే తోలుతూ కూర్చుంటాడు. మొక్కుబడికి కోసిన చోట కాకుల్ని తోలిన అనుభవం ఉన్నవాళ్ళకి ఈ మాట చదివితే నవ్వొస్తుంది. మాకొచ్చింది.

ఆ ముక్కల మధ్యనుంచి నడవడమే ఒట్టు. మాట తప్పితే నా గతి ఈ పశువు గతే కావాలి అని. ఇది మా ఊహ కాదు. యిర్మీయా 34వ అధ్యాయంలో ఉంది: యెరూషలేము పెద్దలు తోటి హెబ్రీ బానిసలను విడిచిపెడతామని దూడ ముక్కల మధ్య నడిచి ఒట్టేసి, విడిచినట్టే విడిచి మళ్ళీ పట్టుకున్నారు. మిమ్మల్ని ఆ దూడలాగే చేస్తానని దేవుడు మండిపడతాడు. సిరియాలో అలెప్పో దగ్గర సెఫీరేలో దొరికిన క్రీస్తుపూర్వం 8వ శతాబ్దపు అరమాయిక్ రాతిశాసనాల్లో కూడా రాజుల ఒప్పందాల మధ్య ఇలాంటి దూడ శాపమే ఉంది. ఆ ప్రాంతమంతా తెలిసిన పద్ధతి అన్నమాట.

మామూలుగా ఎవరు నడవాలి? ఆ కాలపు ఒప్పందాల్లో చిన్నవాడే పెద్దవాడికి ఒట్టు పెట్టాలి. కానీ ఇక్కడ పొద్దుగూకేసరికి అబ్రాముకు గాఢనిద్ర పట్టింది. పొగలు లేచే పొయ్యి ఒకటి, మండే దివిటీ ఒకటి, అవి మాత్రమే ముక్కల మధ్యనుంచి వెళ్ళాయి. అంటే దేవుడే నడిచాడు, మనిషి పడుకున్నాడు. మా లెక్కలో మొత్తం కథకు కీలకం ఇదే. ఆ రాత్రి ఎవరూ ఏమీ రాసివ్వలేదు. పెద్దవాడు తన మెడ తానే తాడులో పెట్టుకున్నాడు. ఎదుటివాడి మీద చూపించుకునే పట్టా కాదది.

మా రూంమేట్ ఒకడు ఒప్పుకోలేదు. "17వ అధ్యాయంలో సున్నతి షరతు ఉంది కదా, చేయించుకోనివాడిని జనంలోనుంచి కొట్టివేస్తానన్నాడు" అన్నాడు. నిజమే. అబ్రాముకు 99 ఏళ్ళప్పుడు పేరు అబ్రాహాముగా మారింది, 13 ఏళ్ళ ఇష్మాయేలుతో సహా ఇంట్లో మగవాళ్ళందరికీ సున్నతి జరిగింది. కానీ అదే అధ్యాయంలో వెండికి కొన్న దాసులకీ సున్నతి చెయ్యమని ఉంది చూడండి. ఒక్క రక్తం సంగతే అయితే వాళ్ళెందుకు? ఈ 17వ అధ్యాయాన్ని యాజకుల రచన అనీ, బబులోను చెరకాలంలోనో ఆ తర్వాతో రాశారనీ చాలామంది పండితులంటారు. అది నిజమైతే భూమి గురించిన ఈ మాటను అంత గట్టిగా పట్టుకున్నది భూమి పోయినవాళ్ళు. గెలిచినవాడు గోడకు తగిలించుకున్న కాగితంగా కాకుండా, నిర్వాసిత కాలనీలో ముసలాయన మునిగిపోయిన ఊరి చెట్ల పేర్లు చెప్పినట్టు మేం దాన్ని చదివాం.

ఇక్కడితో ఆపితే మాకు హాయిగానే ఉండేది. కానీ 15వ అధ్యాయం చివర పది జాతుల పేర్లున్నాయి: కేనీయులు, కెనిజ్జీయులు, కద్మోనీయులు, హిత్తీయులు, పెరిజ్జీయులు, రెఫాయీయులు, అమోరీయులు, కనానీయులు, గిర్గాషీయులు, యెబూసీయులు. వీళ్ళ దేశాన్నే ఇస్తున్నానని మాట. గట్టిగా పైకి చదువుతుంటే ఒకడన్నాడు, "మన ఎస్టీ లిస్టు చదివినట్టుంది రా" అని. నవ్వబోయి ఆగిపోయాం. అమెరికాలో ఓసేజ్ తెగకు చెందిన రాబర్ట్ అలెన్ వారియర్ 1989లో ఒక వ్యాసం రాశాడు. ఈ కథ కొనసాగింపు అయిన నిర్గమ కథను, కనాను ఆక్రమణను చదివేటప్పుడు ఆదివాసీకి తనవాళ్ళుగా కనిపించేది ఇశ్రాయేలీయులు కాదు, కనానీయులే అన్నది ఆయన మాట. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు, ఉందని నటించం.

అందులోనే ఇంకో వాక్యం ఉంది: అమోరీయుల పాపం ఇంకా నిండలేదు కాబట్టి నాలుగో తరం దాకా ఆగాలని. చర్చిలో దీన్ని దేవుడి ఓర్పుగా చెప్తారు. తప్పేం కాదు, కారణం లేకుండా దేవుడు కూడా ఎవరినీ వెళ్ళగొట్టడన్న అర్థం అందులో ఉంది. కానీ మాకు వెంటనే గుర్తొచ్చింది 1871లో మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాలు. పుట్టుకతోనే నేరస్తులని మన ఎరుకల పెద్దల మీద ముద్ర వేసింది ఆ చట్టాలే, దేశమంతటా 1952లో గానీ పోలేదు. ముందు ఒక జాతి చెడ్డదని రాయడం, తర్వాత ఖాళీ చేయించడం మాకు కొత్త కాదు. అందుకే ఆ వాక్యం ఎవరైనా ఇవాళ్టి మనుషులకు అంటగడితే మేం ఒప్పుకోం.

మరి అబ్రాహాము ఏం చేశాడు? మా గొడవ తెగింది 23వ అధ్యాయంలో. శారా 127 ఏళ్ళ వయసులో హెబ్రోనులో చనిపోయింది. దేశమంతా నీదేనని విన్నవాడికి భార్యను పాతిపెట్టడానికి జానెడు నేల లేదు. అక్కడివాళ్ళైన హేతు కుమారుల ముందు లేచి నిలబడి, నేను మీ మధ్య పరదేశిని అని మొదలుపెట్టాడు. వాగ్దానం ఊసే ఎత్తలేదు. వంగి దండం పెట్టాడు. ఎఫ్రోను ఊరికే తీసుకో అన్నాడు, మన సంతలో పెద్దమనుషులు అన్నట్టే. ఆ వెంటనే, 400 తులాల వెండి మనకొక లెక్కా అన్నాడు! అది చిన్న ధర కాదు. యిర్మీయా అనాతోతులో పొలం కొన్నది 17 తులాలకే. అబ్రాహాము ఒక్క తులం కూడా బేరమాడలేదు. సొదొమ కోసం దేవుడితో యాభై మంది నుంచి పది మంది దాకా బేరమాడినవాడు ఇక్కడ నోరెత్తలేదు. ఊరి గవిని దగ్గర అందరూ చూస్తుండగా వెండి తూచి ఇచ్చాడు. పొలం, గుహ, పొలిమేరలోని చెట్లతో సహా ఆయనకు ఖాయమయ్యాయి.

మా తాతల దగ్గర వెండి తూచి కొన్నవాళ్ళు లేరు. ఉప్పుకీ బట్టకీ రాసిన అప్పు కింద చెలకలు పోయాయి. 1970లో వచ్చిన 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతిలోని భూమిని, వేరే రుజువు లేనంతవరకు, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే లెక్కేస్తుంది. అంటే రుజువు చూపాల్సింది వచ్చినవాడు. అబ్రాహాము ఆ రుజువు ముందే ఊరందరి ముందు పెట్టాడు. అందుకే ఆయన్ను అడ్డం పెట్టుకుని ఇంకొకరి నేల అడిగేవాళ్ళకు ఆయనే సాక్ష్యం చెప్పడని మా అభిప్రాయం.

ఆ మక్పేలా గుహ స్థలం ఇప్పటికీ హెబ్రోనులో ఉంది. యూదులకూ ముస్లింలకూ పవిత్రమే. ఆ ఊళ్ళోనే 1929లో 67 మంది యూదులను చంపారు. 1994లో ఆ గుహ మీది మసీదులో నమాజు చేస్తున్న 29 మంది ముస్లింలను ఒక యూదుడు కాల్చి చంపాడు. చంపిన ప్రతివాడూ ఆ ముసలాయన బిడ్డనే అని చెప్పుకునేవాడే.

మేం చివరిగా చదివింది 25వ అధ్యాయం. అబ్రాహాము 175 ఏళ్ళకు చనిపోతాడు. ఒకడు వాగ్దానపు కొడుకు ఇస్సాకు. ఇంకొకడు తల్లి హాగరుతో పాటు రొట్టె, నీళ్ళ తిత్తి ఇచ్చి అడవికి పంపేసిన ఇష్మాయేలు. తండ్రి వెల కట్టి కొన్న ఆ గుహలోనే ఇద్దరూ కలిసి ఆయన్ను పాతిపెట్టారు. ఇష్మాయేలుకు కబురెవరు పంపారో పుస్తకంలో లేదు. ఆ రాత్రి కరెంటు వచ్చినా మేం చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.