కారు కుంగితే తప్పంతా షాకబ్జర్లదేనా?

మా మేళ్లచెరువు సిమెంటు లారీలు తిరిగే ఊరు. గుంతల్లో తిరిగీ తిరిగీ కారు వెనక భాగం కాస్త కుంగితే చాలు, "షాకబ్జర్లు పోయినయమ్మా, మార్చాలె" అంటారు. మనమూ పర్సు తీస్తాం. నేనైతే ముందు ఒక్క మాట అడగమంటాను: "స్ప్రింగులు చూశారా?"

కారు బరువు మోసేది స్ప్రింగే. దాని ఊపును అణిచేది షాకబ్జరు. ఉయ్యాల బరువు మోసేది తాడు, ఊపు ఆపేది మన చెయ్యి. చెయ్యి తీస్తే ఉయ్యాల ఊగుతుందే గానీ కిందికి జారదు కదా! గ్యాసు నింపిన షాకబ్జర్లు బండిని కొద్దిగా పైకి నెడతాయి, అవి పోయినా ఎత్తులో తేడా స్వల్పమే. బాగా కుంగిందంటే స్ప్రింగు మెత్తబడిందో, విరిగిందో చూడాల్సిందే.

అలాగని ఎత్తు బాగుంది కదా అని షాకబ్జర్లను వదిలేయకండి. అరిగిపోతే టైరు నేలను గట్టిగా పట్టుకోదు, గతుకుల్లో బ్రేకు వేస్తే కారు ఆలస్యంగా ఆగుతుంది. వెనక సీట్లో ఉండేది మన పిల్లలే. కారు మూల గట్టిగా నొక్కి వదలండి. ఒకటి రెండుసార్లకు మించి ఊగినా, షాకబ్జరు మీద నూనె కారినా మార్పించండి.

మనకు డ్రైవింగ్ రాకపోవచ్చు. డబ్బూ మనదే, మనుషులూ మనవాళ్లే. అడగడానికి మొహమాటమెందుకు?