సభలోని మాట, పత్రికలోని మాట

లోకసభలో ఒక సభ్యుడు లేచి మాటలాడినంత మాత్రమున దేశము వినినదని చెప్ప వీలులేదు. ఆ మాట అచ్చుపడి, గ్రామమున రచ్చబండ కడను, పట్టణమున కాఫీహోటలు బల్ల కడను చదువబడిననాడే అది ప్రజలకు చెందును. ఈ సంగతిని గ్రహించి, దానికై ఒక శాసనమునే చేయించిన సభ్యుడు ఫిరోజు గాంధి. ఒక ప్రధానమంత్రికి అల్లుడనియు, వేఱొక ప్రధానికి భర్త యనియు, మఱియొకరికి తండ్రి యనియు ఆయనను పరిచయము చేయుట లోకమున వాడుకయై పోయినది. ఆ బాంధవ్యములను ప్రక్కనబెట్టి, 1960 సెప్టెంబరులో మరణించునంతవరకు ఆయన సభలో చేసిన పని యేమో తెలిసికొనుట యవసరమని మేము తలంచుచున్నాము.

1952 ఎన్నికలలో రాయబరేలీ ప్రాంతమునుండి కాంగ్రెసు పక్షమున నెగ్గిన ఆయన చాలకాలము వెనుకబల్లలమీద మౌనముగానే యుండెను. 1955 డిసెంబరులో భీమా చట్ట సవరణ చర్చకు వచ్చినపుడు ఆ మౌనము విడిచెను. రామకృష్ణ దాల్మియా యధీనములోని భారత్ ఇన్సూరెన్సు కంపెనీ సొమ్ము, అనగా పాలసీదారులు కడుపు కట్టుకొని చెల్లించిన ప్రీమియముల సొమ్ము, యజమాని సొంత వ్యాపారములకు ఎట్లు మళ్లినదో సభకు విప్పి చూపెను. ఆగ్రహపు పలుకులు ఎవరైనను పలుకగలరు. ఈయన లెక్కలు చదివెను. దాల్మియాకు తరువాత న్యాయస్థానమున శిక్ష పడెను. రెండు నెలలు తిరుగకమునుపే, 1956 జనవరిలో, ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా జీవిత భీమా వ్యాపారమును తన చేతిలోనికి తీసికొనెను. దీనికంతకును ఆ ప్రసంగమే కారణమనుట అతిశయోక్తి. కాని ప్రజల మనస్సును ఆ మార్పునకు సిద్ధము చేయుటలో దాని పాత్ర కొంచెము కాదు.

అట్టి ప్రసంగమును అచ్చువేయు పత్రికాధిపతి గతి యేమి? రాజ్యాంగము 105వ అధికరణము సభ్యునకు కవచము. సభలో నతడేమి పలికినను న్యాయస్థానమున నిలువబెట్టువారు లేరు. సభ యాజ్ఞతో వెలువడు ప్రచురణలకును ఆ రక్ష కలదు. ఆ మాటలనే మఱునాటి యుదయమున వ్రాసిన పత్రికకు మాత్రము అది చెందలేదు. ధనవంతుడు పరువునష్టపు దావా వేసినచో సంపాదకుడు కోర్టు మెట్లెక్కవలసినదే. సభలో నిర్భయముగా పలికిన సత్యము సభ గుమ్మము దాటగనే నేరముగా మారు వింత స్థితి యిది! నేషనల్ హెరాల్డు పత్రికా నిర్వహణము నెఱిగిన ఫిరోజు గాంధికి ఈ చిక్కు చక్కగా తెలియును. ఆయన తెచ్చిన బిల్లు 1956లో పార్లమెంటు కార్యకలాపముల ప్రచురణ రక్షణ చట్టమయ్యెను. ఉభయసభలలో జరిగినదానిని ముఖ్యాంశములలో సత్యము తప్పక, ద్వేషబుద్ధి లేక, ప్రజాహితమునకై ప్రకటించినవారిపై దావా చెల్లదని దాని తాత్పర్యము.

మఱుసటి యేడే ఆ చట్టము విలువ తెలియవచ్చెను. జీవిత భీమా సంస్థ 1957 జూనులో హరిదాస్ ముంధ్రా అను వ్యాపారి కంపెనీల వాటాలను ఇంచుమించు 1 కోటి 24 లక్షల రూపాయలకు కొనెను. కంపెనీలు ఆరు, వానిలో పెక్కింటి స్థితి యంతంత మాత్రము. పెట్టుబడులను పరిశీలింపవలసిన సంఘమును సంప్రదింపనే లేదు. డిసెంబరు 16వ తేదీన ఫిరోజు గాంధి ఈ వ్యవహారమును సభలో నిలదీసెను. ఎదుట నున్నది పరాయి పక్షము కాదు, తన పక్షపు ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి, ప్రభుత్వాధినేత తన మామగారు. అయినను పాలసీదారుల ధనము ఎవరి మాటపై, ఏ ధరకు, ఎందులకు వెచ్చించితిరని యడుగుట మానలేదు. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి చాగ్లా బహిరంగ విచారణ జరిపెను. కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగరీత్యా మంత్రియే బాధ్యుడని యాయన తేల్చెను. తనకు తెలియకుండ జరిగినదను సమాధానమునకు తావులేకపోయెను. 1958 ఫిబ్రవరిలో మంత్రి రాజీనామా చేసెను. స్వపక్షము నెదిరించుటయే ద్రోహమని తలంచువారు ఈ ఘట్టమును మఱల చదువుదురు గాక. కాంగ్రెసు దానివలన కూలిపోలేదు.

ఆ చట్టము తరువాతి గతి విచిత్రమైనది. అత్యవసర పరిస్థితి కాలమున, ఇందిరా గాంధి ప్రధానమంత్రిగా నుండగా, 1976లో దానిని రద్దుచేసిరి. భర్త కట్టిన గోడను భార్య ప్రభుత్వమే పడగొట్టెను. 1977లో జనతా ప్రభుత్వము దానిని మఱల నిలిపెను. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ 361-ఏ అధికరణమును చేర్చి, రాష్ట్ర శాసనసభల వార్తలకును ఆ రక్షను విస్తరింపజేసెను. కనుక నేడు హైదరాబాదులోను అమరావతిలోను జరుగు చర్చలను నిర్భయముగా ప్రకటించు ప్రతి తెలుగు పత్రికయు ఆయనకు కొంత ఋణపడియున్నది.

ఇక నేటి సంగతి. మంత్రులు కాని సభ్యుల బిల్లులు ఇంతవరకు 14 మాత్రమే చట్టములయ్యెను. 1970 తరువాత ఒక్కటియు లేదు. అట్టి బిల్లులకును తీర్మానములకును లోకసభలో శుక్రవారము చివర రెండున్నర గంటల కాలము కేటాయింపబడియున్నది. ఆ కాలము కూడ అలజడులలోను, వాయిదాలలోను పలుమార్లు హరించిపోవుచున్నది. అనుకూల పక్షపు వెనుకబల్లల సభ్యులు మంత్రులను ప్రశ్నించుట కంటె పొగడుటయందే నేర్పరులగుచున్నారు. పత్రికలలో గొడవలకు దొరకు చోటు చర్చలకు దొరకుటలేదు. వచ్చు సమావేశములలోనైనను ఆ శుక్రవారపు ఘడియలను వేఱు పనులకు వెచ్చింపరాదని మేము సభాపతిని కోరుచున్నాము. మీ సభ్యుడు ఊరికి వచ్చినపుడు, ఆ శుక్రవారములలో నతడు ఎక్కడ నుండెనో, ఏ లెక్క నడిగెనో విచారింపుడని పాఠకులకు మా మనవి.