మాటలు లేని పాట



మన యిండ్లలో సంగీతమనగా మొదట మాటయే. జోలపాట గాని, మంగళహారతి గాని, పెండ్లిపాట గాని, పదము చెవిని బడిననే పాట వినినట్లు మనకు తోచును. త్యాగరాజస్వామి కృతి విని మెచ్చుకొనునపుడు సైతము రాగముకంటె ముందు సాహిత్యమునే తలచుకొందుము. ఇది మంచి యభ్యాసమే. కాని దీనివలన నేటి తల్లుల కొక చిక్కు వచ్చినది. పదునైదు పదునాఱేండ్ల పిల్లలు చెవులలో తీగెలు పెట్టుకొని, ఇంగ్లీషు పాటలు వినుచు, ఒక మూల కూర్చుందురు. "ఏమి వినుచున్నావురా?" యని యడిగినచో, "నీకు తెలియదులే అమ్మా" యని యుత్తర మిత్తురు. ఆ మాటలో ధిక్కారము లేకపోవచ్చును. అయినను అది విన్న తల్లి వంటయింటికి మరలి పోవలసినదే. ఇంగ్లీషు చదివిన తల్లికి ఈ బాధ తక్కువ. ఇంటిలో పెద్దలయొద్ద భారత భాగవతములు చదువుకొన్న మా బోటివారి గతి యేమి?

ఇందుకొక దారి కలదు. మాట యున్న పాట ఆ భాష యెఱిగినవారిది. మాట లేని వాద్యము చెవి యున్నవారందఱిది. మన పిల్లలు వినెడి పాశ్చాత్య సంగీతములోను గాత్రము బొత్తిగా లేని మంచి రచనలు గలవు. అక్కడ తల్లియు బిడ్డయు సమానులే. ఒక్కొకచో తల్లికే రెండాకులు ఎక్కువ తెలిసియుండవచ్చును.

1960 దశాబ్ది చివర ఇంగ్లండులో కొందఱు యువకులు, మూడు నిమిషములలో ముగిసిపోవు పాటలతో తృప్తిపడక, తమ దేశపు శాస్త్రీయ సంగీతమునుండియు జాజ్ సంగీతమునుండియు పద్ధతులు గ్రహించి, దీర్ఘములైన రచనలు చేయసాగిరి. కొన్ని ఇరువది నిమిషములు సాగును. కొన్నిట నడుమ నడుమ తాళము మాఱును. ఈ సంగీతమునకు ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు. గిటారు, డ్రమ్ములు, విద్యుచ్ఛక్తితో పలుకు కీబోర్డులు ఇందు ముఖ్యవాద్యములు.

మాట లేక భావము పలుకునా యని కొందఱు సందేహింతురు. అప్పగింతలవేళ సన్నాయి విని కంట తడి పెట్టని తల్లి కలదా? ఆ సన్నాయిలో ఒక్క పదమైనను వినబడదు గదా! 1936లో కాకినాడలో జన్మించిన వైణికులు చిట్టిబాబుగారు "కొమ్మలో కోయిల" యను రచనలో కోకిల కూతను వీణతీగెలమీద పలికించిరి. అది విన్న పసివాడు సైతము పక్షిని గుర్తించును. కావున మాట లేని పాట మనకు క్రొత్త గాదు. వాద్యములు మాత్రమే క్రొత్తవి.

ఇక నాకు నచ్చిన రచనలను గూర్చి చెప్పుదును. మొదటిది 1975లో కేమెల్ అను ఇంగ్లీషు బృందమువారు వెలువరించిన "ది స్నో గూస్", అనగా మంచుబాతు. పాల్ గాలికో వ్రాసిన చిన్న నవల దీనికి ఆధారము. సముద్రతీరపు చిత్తడినేలలో పాడుబడిన దీపస్తంభమునందు రాయడర్ అను గూనివాడొకడు ఏకాంతముగా బొమ్మలు వ్రాసికొనుచు నుండును. ఫ్రిత యను బాలిక గాయపడిన తెల్లని బాతు నెత్తుకొని వానియొద్దకు వచ్చును. ఇరువురును దానిని బ్రతికింతురు. 1940లో డన్‌కర్క్ తీరమున చిక్కుకొన్న సైనికులను కాపాడుటకు రాయడర్ తన చిన్న పడవపై పోయి ప్రాణము విడుచును. బాతు మాత్రము తిరిగి వచ్చును. ఈ కథను ఆ బృందము సుమారు 43 నిమిషములు ఒక్క పదము పలుకకయే వినిపించును. రాయడర్ రాకను వేణువు తెలుపును, ఫ్రిత వచ్చినపుడు స్వరములు మెత్తబడును, యుద్ధఘట్టమున డ్రమ్ములు కవాతు చేయును. శృంగారనైషధములోని హంసను ఎఱిగినవారికి పక్షి మనుష్యుల నడుమ స్నేహము కూర్చుట వింత గాదు. కథ ముందుగా పిల్లలకు చెప్పి పిమ్మట వినిపించినచో, ఏ ఘట్టము నడచుచున్నదో వారే చెప్పుదురు.

రెండవది కెనడాదేశపు రష్ అను బృందమువారు 1981లో వెలువరించిన రచన. ఇందు వాద్యకారులు మువ్వురే. దీని పేరు "వై వై జెడ్". ఇది వారి టొరంటో నగరపు విమానాశ్రయమునకు గుర్తుగా వాడు మూడక్షరములు. పూర్వము తంతివార్తలలో అక్షరములను పొడుగు ధ్వని, పొట్టి ధ్వని యను రెంటితో పంపుచుండిరి గదా! ఆ మూడక్షరముల ధ్వనులనే ఈ రచనకు తాళముగా నమర్చిరి. మొదట చిన్న కంచుబిళ్లల వంటి వాద్యముపై ఆ తాళము గణగణ మ్రోగును, తరువాత తక్కిన వాద్యములు దానిని అందుకొనును.

ఈ తాళము లెక్క కుదురుటలేదని మా పెద్దవాడు బల్లమీద వ్రేళ్లతో కొట్టుకొనుచు విసుగుకొనుచుండగా, పొడుగు ధ్వనిని గురువుగను పొట్టి ధ్వనిని లఘువుగను వ్రాయుమంటిని. వై యను అక్షరము గురువు, లఘువు, గురువు, గురువు. అది రెండుమార్లు వచ్చును. జెడ్ అను అక్షరము రెండు గురువులు, రెండు లఘువులు. ఈ పండ్రెండింటిని మూడేసి చొప్పున విడదీసినచో ర, త, మ, భ గణములు వరుసగా వచ్చినవి! గురువునకు రెండు మాత్రలు, లఘువునకు ఒకటి చొప్పున ఏడు, ఏడు, ఆఱు, వెరసి ఇరువది మాత్రలు. ఆ లెక్కను చేతితో వేయుచు వినగా పాట మొదటి ఘట్టము మాతో కలిసి నడచెను. తెలుగు వాచకములో మార్కులకొఱకు వల్లించిన గణములు కెనడా వారి పాటకు తాళపుచెవి యగునని వాడనుకొనలేదు. ఆనాటి నుండి క్రొత్త రచన యేది దొరికినను, "అమ్మా, దీని లెక్క చూడుము" అని నాయొద్దకే తెచ్చుచున్నాడు. మావారు బడిలో నేర్పు పాఠము ఇంటిలో ఇట్లు పనికివచ్చెను.

చిన్నపిల్లలున్న యింట 1973లో మైక్ ఓల్డ్‌ఫీల్డ్ వెలువరించిన "ట్యూబ్యులర్ బెల్స్" వినిపింపవచ్చును. పందొమ్మిదేండ్ల యువకుడు పెక్కు వాద్యములను తానే ఒకదానిపై నొకటి వాయించి రికార్డు చేసెను. మొదటి భాగము చివర ఒక్కొక్క వాద్యము పేరు ఒకరు ప్రకటింపగా, ఆ వాద్యము వచ్చి చేరును. మాటలన్నచో ఆ పేర్లే ముఖ్యము. కట్టకడపట పొడవైన గొట్టపు గంటలు మ్రోగును. వాద్యములను గుర్తుపట్టుట నేర్పుటకు ఇది చక్కని పాఠము.

ఈ సంగీతమునకును మన తెలుగునేలకును దూరమెంతో లేదు. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్‌గారు విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును వాయించి బాల్యముననే పేరొందిరి. జెనిసిస్ అను ప్రోగ్రెసివ్ రాక్ బృందములో పూర్వము పాడిన పీటర్ గేబ్రియల్, పిమ్మట రియల్ వరల్డ్ అను రికార్డుల సంస్థను స్థాపించెను. 1995లో ఆ సంస్థయే శ్రీనివాస్‌గారును, కెనడా గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రుక్‌ను కలిసి చేసిన "డ్రీమ్" రికార్డును వెలువరించెను. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రాను స్థాపించిన జాన్ మెక్‌లాఫ్లిన్ సరసన సైతము శ్రీనివాస్‌గారు రిమెంబర్ శక్తి బృందములో వాయించిరి. 2014లో వారు 45 ఏండ్లకే స్వర్గస్థులగుట మన దురదృష్టము. పాలకొల్లు బాలుని ఇంగ్లండు వారి చెంత కూర్చుండబెట్టినది స్వరము. పదముల యర్థ మెవ్వరు నెవ్వరిని అడుగ నక్కఱ లేకపోయెను.

అంతదూర మేల? మన పాలమూరు సీమలో పండ్రెండు మెట్ల కిన్నెర కలదు. వెదురుబొంగునకు సొరబుఱ్ఱలు కట్టిన వాద్యమది. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలపు దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చినది ఈ కిన్నెరవలననే. కథ నాపి కిన్నెరను మాత్రమే పలికించు ఘట్టములను మన గోపాలుపేట పిల్లలు ఒక్కమారైన విననిచో, గిటారు విని మాత్ర మేమి లాభము?

ఈ సంగీతమంతయు వినదగినదే యని నా యభిప్రాయము గాదు. కొన్ని రచనలు ఉత్త హోరు, కొన్ని పొడుగెక్కువ. ప్రబంధములలోను అట్టివి లేవా? నచ్చనివి విడిచి నచ్చినవి గ్రహింపుడు. వినునపుడు చెవుల తీగెలు తీయించి, శబ్దము తగ్గించి, బియ్యము ఏరుకొనువేళనో చిక్కుడుకాయ లొలుచుకొనువేళనో నలుగురు నొకచోట కూర్చుండి వినుడు. అర్థమేమని యడుగకుడు. "ఇప్పుడు వచ్చిన వాద్యమేది? ఎన్ని మాత్రలు?" అని యడుగుడు. వారి రచన యొకటి వినిన పిమ్మట మీకు నచ్చిన వీణ యొకటి వినిపింపుడు. తమ పాటను ఓపికతో వినిన తల్లి కోరగా వీణ వినుటకు పిల్లలు వెనుదీయరు.