బండి మంచిదే... నీళ్లు తాగిందా?

‘చెన్నైలో ఒక బండుందన్నా. సింగిల్ ఓనరు. డాక్టరుగారు వాడింది. నలభై వేలు కూడా తిరగలేదు. ఈ రేటుకి ఇంకెక్కడా దొరకదు!’

సూళ్లూరుపేటలో ఏ ఇంట్లో అయినా కారు మాట మొదలయిందంటే చాలు, ఇలాంటి ఫోను ఒకటి వచ్చేస్తుంది. అవతల మాట్లాడేది దూరపు చుట్టం కావచ్చు, బ్రోకరు కావచ్చు, రెండూ ఒకరే కావచ్చు. చిత్రమేమిటంటే సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికొచ్చే ప్రతి కారునూ ఏ డాక్టరుగారో, బ్యాంకు మేనేజరుగారో వాడి ఉంటారు. ట్రావెల్స్‌లో తిప్పిన బండి అని చెప్పి అమ్మేవాళ్లు మాత్రం కనిపించరు.

చెన్నై మాట ముందు రావడానికి కారణం ఉంది. ఈ ఊరు 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు నెల్లూరు జిల్లా. జిల్లా ఏదైతేనేం... పెద్దాసుపత్రికైనా, పెళ్లి చీరలకైనా ఇక్కడివాళ్ల చూపు దక్షిణానికే. హైవే ఎక్కి తడ దాటితే తమిళనాడు. లోకల్ రైలెక్కినా చెన్నైలో దిగొచ్చు. నగరంలో కార్లు ఎక్కువ, నాలుగేళ్లకోసారి మార్చేవాళ్లూ ఎక్కువ. అందుకే రేటు కొంచెం అందుబాటులో ఉంటుంది. అంతవరకూ లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఒకే మోడల్, ఒకే సంవత్సరం కార్లు రెండుంటే ఒకదానికి మరీ నలభై, యాభై వేలు ఎందుకు తగ్గిస్తున్నారు? చాలామంది అడగని ప్రశ్న అదే.

ఒక మాస్టారుగారి ఇంటిని ఊహించుకుందాం. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో తల్లి. బైకు మీద ఇక సాగదని తేలిపోయింది. చీటీ పాడిన డబ్బు కొంత, భార్య గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చింది కొంత. మొత్తం రెండున్నర లక్షలు. ఆ ఇంటికి ఇది కారు ఖర్చు కాదు, నాలుగేళ్ల పొదుపు. ఫోనులో చెప్పిన బండి చూడటానికి ఆయన ఒక్కడే వెళ్లలేదు. ఇన్నాళ్లూ బైకు బాగుచేసిన షెడ్డు మేస్త్రీ అన్నదమ్ముడే కార్ల మెకానిక్. ఒకరోజు కూలీ, భోజనం ఖర్చు పెట్టుకుని అతణ్నీ రైలెక్కించారు. ఆయన చేసిన మంచి పని అదొక్కటే అయినా చాలు!

కారు తళతళలాడుతోంది. సీట్లకు కొత్త కవర్లు. లోపల మల్లెపూల సెంటు గుప్పుమంటోంది. మాస్టారు ముచ్చటపడి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. మెకానిక్ మాత్రం బోనెట్ దగ్గరికి పోలేదు. డ్రైవరు పక్క సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా బయటికి లాగాడు. మామూలుగా బెల్టు సగమే బయటికొస్తుంది. మిగతా సగం లోపల చుట్టుకునే ఉంటుంది. ఆ లోపలి సగం మీద మట్టిరంగు గీత ఒకటి అడ్డంగా కనిపించింది. తర్వాత డిక్కీ తెరిచి, స్టెప్నీ తీసి, ఆ గుంతలో వేలు పెట్టి చూశాడు. వేలికి తుప్పు, సన్నటి ఒండ్రు అంటుకున్నాయి.

‘సార్, ఈ బండి నీళ్లు తాగింది’ అన్నాడు నెమ్మదిగా.

చెన్నై కార్లు నీళ్లు తాగడం కొత్త సంగతేం కాదు. 2015 డిసెంబరు మొదటివారంలో అడయార్ పొంగినప్పుడు సెల్లార్లలో నిలిపిన కార్లు పైకప్పుల దాకా మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మళ్లీ అదే దృశ్యం. వరద నీటిలో కార్లు తేలుతున్న వీడియోలు అందరి సెల్‌ఫోన్లలోనూ తిరిగాయి. ఆ తుపాను తిరుపతి, నెల్లూరు జిల్లాలనూ వదల్లేదు. వీడియోలు రెండు రోజుల్లో మరిచిపోయాం. ఆ కార్లేమయ్యాయి?

బీమా ఉన్న కారు మునిగితే కంపెనీ సర్వేయరు వచ్చి లెక్కేస్తాడు. బాగుచేసే ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగా తీసుకుంటారు. యజమానికి డబ్బిచ్చేస్తారు. కారు వేలానికి పోతుంది. వేలంలో కొన్నవాళ్లు కొందరు విడిభాగాలుగా అమ్ముకుంటారు. కొందరు శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, సీట్లు మార్చి, పాలిష్ కొట్టి మళ్లీ రోడ్డెక్కిస్తారు. బీమా లేని కార్ల సంగతి మరీ సులువు. కడిగితే చాలు! చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకుండా అమ్మడమే కడుపు మండించేది.

నీళ్లు తాగిన బండి ఏం చేస్తుంది? వెంటనే ఏమీ చేయదు. అక్కడే ఉంది చిక్కంతా. మొదటి మూడు నెలలు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆ తర్వాత ఓ వానాకాలం సాయంత్రం పవర్ విండో దిగి మళ్లీ ఎక్కదు. ఇంకోరోజు మీటరు బోర్డులో దీపాలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి. ఇప్పటి కార్లలో వైర్లు నరాల్లా ఒళ్లంతా పాకి ఉంటాయి. ఒక్కో కనెక్టరు లోపల పచ్చటి చిలుము పట్టుకుంటూ వస్తుంది. ఏ వైరు ఎక్కడ తెగిందో మెకానిక్‌కీ అంతు చిక్కదు. ప్రతిసారీ రెండు వేలు, మూడు వేలు. ఎయిర్‌బ్యాగ్ సెన్సరు కూడా ఆ నీళ్లలో మునిగిందే. అది పనిచేస్తుందో లేదో ప్రమాదం జరిగేదాకా తెలియదు.

ఇక ఇంజను. సిలిండరులో పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలిని నొక్కుతుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఇంజన్లోకి నీళ్లు వెళ్లిన బండిని తాళం తిప్పి స్టార్ట్ చేయబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకే నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయొద్దని మెకానిక్‌లు మొత్తుకునేది. నెట్టించుకుని షెడ్డుకు చేర్చడమే మేలు. ఆయిల్ కడ్డీ బయటికి తీసినప్పుడు నూనె కాఫీ రంగులో, నురగగా ఉంటే అందులో నీళ్లు కలిశాయని అర్థం.

మాస్టారు, మెకానిక్ ఆ రోజు ఉత్త చేతులతోనే రైలెక్కారు. ‘పూజకి పూలు కూడా తెచ్చిపెట్టానే’ అని ఇంట్లో చిన్నబుచ్చుకున్నారు. రెండో బండి సంగతి ఇంకోలా ఉంది. మీటరులో ముప్పై రెండు వేల కిలోమీటర్లే. కానీ బ్రేకు పెడలు మీది రబ్బరు నున్నగా అరిగింది. గేరు రాడ్ మీద అంకెలు చెరిగిపోయాయి. డ్రైవరు సీటు అంచు నలిగి కుంగింది. డిజిటల్ మీటరు కదా, వెనక్కి తిప్పలేరులే అనుకోవడం అమాయకత్వం. ల్యాప్‌టాప్ ఉన్నవాడికి అది పాత మీటర్ల కంటే సులువు! టైర్లు కూడా మౌనంగా నిజం చెబుతాయి. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారయిందని. నలభై వేలు కూడా తిరగని కారుకు రెండోసారి టైర్లు ఎందుకు మార్చాల్సొచ్చిందో అడగాలి కదా. కంపెనీ సర్వీసు సెంటరులో చేయించిన బండయితే ఎప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో అక్కడ రికార్డు ఉంటుంది. ఆ కాగితం చూపించమంటే మొహం మాడ్చుకునే అమ్మకందారు దగ్గర ఎక్కువసేపు నిలబడక్కర్లేదు.

కాగితాలు అనుకుంటే గుర్తొచ్చింది, ఈ ఊళ్లో సగం తలనొప్పులు బండివి కావు, వాటివే. తమిళనాడు నంబరు బండిని ఆంధ్రాకు తెచ్చుకుంటే అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ కావాలి. బండి మీద లోను ఉండి ఉంటే బ్యాంకువాళ్లు తీరిపోయిందని ఇచ్చే కాగితం, ఫారం 35 కావాలి. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు సంతకాలు చేసే ఫారం 29, ఫారం 30 ఎలాగూ ఉన్నాయి. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఇక్కడ లైఫ్ టాక్సు మళ్లీ కట్టాలి. అది బండి వయసును, ధరను బట్టి ఉంటుంది. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు గానీ, ఆ ఫైలు వెంట తిరగడానికి ఓపిక కావాలి. యాభై వేలు తక్కువకు దొరికిందన్న సంబరం ఈ లెక్కలన్నీ వేశాక ఎంత మిగులుతుందో ముందే చూసుకుంటే నయం.

‘నంబరు మార్చడం ఎందుకన్నా, సరిహద్దు ఊరే కదా, ఇలాగే తిప్పుకో’ అనే సలహాదారులకు కొదవ లేదు. అమ్మినవాళ్లకు అది మరీ ప్రమాదం. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. బండి అమ్మేసి, ఆ తర్వాత చేతులు మారుతూ పోయి ప్రమాదం జరిగిన కేసులో పరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్న మొదటి యజమానిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్నవాళ్లు బీమాను కూడా 14 రోజుల్లోగా తమ పేరుకు మార్పించుకోవాలి. క్లెయిము చేయనందుకు వచ్చే బోనస్ మాత్రం పాత యజమానిదే. అది కారుతోపాటు రాదు.

మూడో బండి దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఈసారి చెన్నై కాదు, పక్క ఊరే. పదేళ్ల పాత కారు, రంగు వెలిసింది, తలుపు మీద సొట్ట. చుట్టాలు పెదవి విరిచారు. కానీ మొదటి రోజు నుంచి బిల్లులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. మెకానిక్ బెల్టు లాగాడు, కార్పెట్ ఎత్తాడు, పొద్దున్నే చల్లటి ఇంజను మీద స్టార్ట్ చేయించి పొగ చూశాడు, హైవే మీద ఎనభైలో నడిపి స్టీరింగ్ ఒకసారి వదిలి పట్టుకున్నాడు. ‘తీసుకోండి సార్’ అన్నాడు. రేటు దగ్గర మాస్టారికి ఇంకో ఆయుధం కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తది తగ్గినప్పుడు పాతది పాత రేటుకే అంటే కుదురుతుందా? పదిహేను వేలు తగ్గింది.

కొన్నాక కూడా జేబులో కొంత ఉంచుకోవాలని చాలామందికి తోచదు. చేతిలో ఉన్నదంతా బండికే పోస్తారు. మెకానిక్‌లు చెప్పే లెక్క వేరు. పాత యజమాని ఏం చేశాడో మనకెందుకు, మొదటివారంలోనే ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ఆయిలు, కూలెంటు మార్చేయాలి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజనయితే అదెప్పుడు మార్చారో తెలియనప్పుడు మార్చడమే. ఐదారు వేల బెల్టు దారిలో తెగిందంటే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. అప్పుడు ఖర్చు కారు ధరతో పోటీపడుతుంది.

ఈ ఊరికి ప్రత్యేకమైన శత్రువు ఇంకొకటి ఉంది. పక్షుల కోసం అందరూ చూడటానికొచ్చే పులికాట్! ఉప్పునీటి సరస్సుల్లో దేశంలో చిలికా తర్వాత పెద్దది ఇదే. శ్రీహరికోటకు రోడ్డు ఆ సరస్సు మధ్యలోంచే పోతుంది. రోజూ ఆ దారిన షార్‌కు వెళ్లొచ్చేవాళ్ల కార్ల అడుగుభాగం ఎలా ఉంటుందో షెడ్డులో లిఫ్టు ఎక్కించి చూస్తే తెలుస్తుంది. ఉప్పుగాలికి ముందు పోయేవి సైలెన్సరు, బ్రేకు పైపులు, తలుపుల కింది అంచులు. పైన వారానికోసారి మెరిసేలా కడిగేవాళ్లే ఎక్కువ. కింద నీళ్లు కొట్టించేవాళ్లు తక్కువ. కింద తుప్పు పట్టకుండా వేసే పూత, తలుపుల అడుగున ఉండే నీరు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోవడం... ఈ రెండూ చేయిస్తే పదేళ్ల కారు ఇంకో ఐదేళ్లు నిలబడుతుంది.

పెట్రోలూ మారింది. 20 శాతం ఇథనాల్ కలిపినది 2025 నాటికి దేశమంతటా బంకుల్లో మామూలయింది. పాత కార్లలో మైలేజీ కాస్త తగ్గుతుందని, కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది. పాత బండి పెట్రోలు పైపులు సర్వీసుకిచ్చినప్పుడల్లా చూడమనడం ఇకమీదట అలవాటు చేసుకోవాల్సిందే.

స్పేర్‌పార్టుల మాట ఒకటి మిగిలింది. షెవర్లే కార్లు అమ్మిన జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. చెన్నై పక్కనే మరైమలైనగర్‌లో కార్లు చేసిన ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. ఆ కార్లు చవగ్గా వస్తాయి. గట్టివేనని మెచ్చుకునే యజమానులూ ఉన్నారు. కానీ ఒక లైటు పగిలితే చెన్నై పుదుపేటలో పాత సామాన్ల అంగళ్ల వెంట తిరగడానికి సిద్ధపడాలి. మాస్టారిలాంటి ఇంటికి ఊళ్లో ప్రతి షెడ్డులోనూ చేయి తిరిగిన మోడలే మంచిది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800ను 2014 జనవరిలో తయారుచేయడం ఆపేశారు. అయినా దాన్ని విప్పి బిగించలేని మెకానిక్ ఈ చుట్టుపక్కల ఇప్పటికీ దొరకడు.

చెంగాళమ్మ గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి కారు ఇంటికొచ్చింది. మొదటి ఆరు నెలల్లో ఒక బ్యాటరీ, రెండు బుష్‌లు మార్చారు. అదంతా మాస్టారి భార్య పాల లెక్క రాసుకునే నోటుబుక్కులోనే వెనక పేజీ నుంచి రాస్తున్నారు. తేదీ, కిలోమీటర్లు, ఏం మార్చారు, ఎంతయింది. బిల్లులు ఆ ప్లాస్టిక్ కవర్లోకే చేరుతున్నాయి.

ఎప్పుడో ఈ కారునూ అమ్మాల్సి వస్తుంది. అప్పుడు బ్రోకరు ఫోనులో ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. ‘అన్నా, సూళ్లూరుపేటలో ఒక బండుంది. మాస్టారుగారు వాడింది...’