పీసు కూలి – పనివాని లక్ష్యము

సంపాదకులు గారికి,

అయ్యా,

కామాటిపురా, ఫాక్‌లాండ్ రోడ్డు చాళ్లలో మూడు నాలుగు తరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములలో ఇప్పుడొక మాట తరచుగా వినబడుచున్నది. "నేటి కుర్రవాండ్రకు ముందుచూపు లేదు, పూట గడిచిన చాలునందురు" అని. మోటారు సైకిళ్లపై ఇంటింటికి భోజనములు, సరుకులు చేరవేయు పిల్లల గూర్చి పెద్దలు అనుచున్న మాట యిది. నాకీ నింద న్యాయముగా తోచుటలేదు. పనివాడు తనకు తాను ఎంత లక్ష్యము పెట్టుకొనునన్నది వాని గుణమును బట్టి మాత్రమే యుండదు. కూలి ఏ లెక్కన ముట్టుచున్నది, ఆ లెక్కలో వానికి మర్యాద మిగులుచున్నదా అన్నదానిని బట్టి కూడ నుండును.

మా నాన్నగారు ఒక బట్టల మిల్లులో నేతపని చేసిరి. బొంబాయి మిల్లులలో నేతగాండ్రకు నేసిన బట్టను బట్టి పీసు కూలి. వడుకు ఖాతాలో చాలమందికి కట్టుబడి జీతము. వడుకు ఖాతాలో నున్న మా మేనమామకు జాబరు కావలెనని ఆశ. (ఎన్నడును కాలేదు, అది వేరు కథ.) నాన్నగారి లక్ష్యము మాత్రము మా గది గోడపై సుద్దగీతలుగా నుండెడిది: ఈ నెల ఇన్ని తాకాలు, వచ్చు నెల మరి రెండు. తన చేతిపై నమ్మకముండుటచే ఆ గీత కొంచెము కొంచెముగా పైకి జరిగెడిది. కాని పడుగు చెడి, దారము మాటిమాటికి తెగిన నెలలో కూలి పడిపోయెడిది. తప్పు నూలుది, నష్టము నేతగానిది. చెడిన బట్టను నేతగానికే అంటగట్టి, ఖరీదును కూలిలో కోయు పాత ఆచారమును గూర్చి కూడ ఆయన చెప్పెడివారు. తనకు కోత పడిన నెలలో ఆయన గోడ వైపు చూచెడివారు కారు. పోయిన డబ్బుకన్న, నలుగురిలో చేతకానివాడనిపించుకొనుట ఆయనకు ఎక్కువ బాధ.

ఈ పట్టింపు ఆయన యొక్కరిదే కాదు. 1928 ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు జరిగిన మిల్లుల సమ్మెలో, ఒక నేతగాడు రెండు సాంచెలకు బదులు మూడింటిని చూడవలెననుట, కూలి రేట్లను కొత్తగా కట్టుట ముఖ్య వివాదములు. జుల్మానా రూపాయికి అర్ధణా మించరాదని 1936 నాటి వేతనముల చట్టము హద్దు పెట్టినది. 1947లో ఇండస్ట్రియల్ కోర్టు తీర్పు 26 పనిదినములకు 30 రూపాయల కనీస మూలవేతనమును, దానిపై కరువుభత్యమును ఏర్పరచినది. క్రింద నేల గట్టిపడిన పిమ్మటనే నేతగాడు పైకి గీత గీయగలిగెనని నా యభిప్రాయము.

దీనికి రుజువు మా యింటిలోనే కలదు. 1982 జనవరి 18న ఆరంభమైన సమ్మెలో నాన్నగారి పని పోయినది. తరువాత భివండీలో మరసాంచెలపై పండ్రెండు గంటల పాళీకి కుదిరిరి. అక్కడను పీసు కూలియే. అవే చేతులు, అదే నేత. కాని కరువుభత్యము లేదు, సెలవు లేదు, రేటు ఎవరు ఎప్పుడు తగ్గింతురో తెలియదు. ఆయన మరల గోడపై గీత గీయలేదు.

బీడీలు చుట్టు మన స్త్రీల సంగతియు అట్టిదే. షోలాపూరులోగాని, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలోగాని వేయి బీడీలకింత అని కూలి. ఇచ్చిన ఆకు చాలకపోయిన సొంత డబ్బుతో కొనవలెను. బాగులేవని తీసివేసిన బీడీలకు కూలి రాదు. ఇట్టిచోట ఎక్కువ చుట్టవలెనను పట్టుదల ఎవరికి కలుగును?

అమెరికాలో డొనాల్డ్ రాయ్ అను పరిశోధకుడు 1944–45లో చికాగో యంత్రశాలలో తానే పనివాడుగా చేరి చూచినదియు ఇదే. ఒక హద్దు దాటి సంపాదించినచో కంపెనీ రేటు కోయునను భయముచే పనివారు చేయగలిగియు ఆ హద్దు వద్దనే చేయి ఆపెడివారు. స్పష్టమైన కఠినలక్ష్యము పనిని పెంచునని ఎడ్విన్ లాక్ 1968లో వ్రాసెను. నిజమే, ఆ లక్ష్యమును పనివాడు తనదిగా అంగీకరించినప్పుడు.

ఇప్పుడు మా చాలులోని ఒక కుర్రవాని సంగతి. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ శిక్షణకు పోవుచుండెను. సాయంత్రము ఇన్ని ఆర్డర్లు ముగించిన ఇంత అదనమని ఫోనులో చూపగా, దానికొరకు చదువు మానెను. ఆ అంకె చేరబోవు వేళకు ఆర్డర్లు రావు. మరునాడు అంకెయే మారును. వానికి లక్ష్యము లేకపోలేదు. పూటకొకటి యున్నది, కాని అందులో ఒకటియు వాడు పెట్టుకొన్నది కాదు.

పీసు కూలి పనివానికైనను కాలపు లెక్కన నిర్ణయించిన కనీస వేతనమునకు తగ్గరాదని 1948 నాటి చట్టమే 17వ విభాగములో చెప్పినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి ఈ కొత్త పనివారిని పేరు పెట్టి గుర్తించి, పథకముల మాట చెప్పినది గాని, గంటకింత అను కనీస రాబడిని నిర్ణయింపలేదు. వేచియున్న గంటలకును లెక్క కట్టవలెనని, ముందు తెలుపక రేటు మార్చరాదని మన కుల సంఘములు, కార్మిక నాయకులు ఏల అడుగరు? పెద్దలు కూడ పిల్లలను నిందించుటకు ముందు ఒక వారము వారితో కూర్చుండి పెట్రోలు, బండి వాయిదా, మరమ్మతు తీసివేసి మిగిలినదెంతో కాగితముపై వేసి చూడవలెను. మేము ఆ కుర్రవానితో అట్లు వేసి చూచితిమి. జూలైలో ఐ.టి.ఐ. దరఖాస్తు మరల పెట్టెదనని వాడే అన్నాడు.

భవదీయుడు,
ఒక మిల్లు నేతగాని కుమారుడు
ఫాక్‌లాండ్ రోడ్డు, ముంబయి